హార్స్‌షూ కిడ్నీలో 22 మి.మీ. రాయి: పీసీఎన్‌ఎల్ చేయించాలా, ఆర్‌ఐఆర్‌ఎస్ చేయించాలా, ఓపెన్ తప్పదా?

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. మీ అన్నయ్యకి 34 ఏళ్లు, పుట్టుకతో హార్స్‌షూ కిడ్నీ (రెండు కిడ్నీలూ కింద కలిసిపోయి ఉండటం) ఉందని ఈమధ్యే తెలిసింది, ఎడమవైపు కింది భాగంలో 22 మి.మీ. రాయి, పైన పెల్విస్‌లో (కిడ్నీలో మూత్రం వచ్చి చేరే గది) ఇంకో 8 మి.మీ. రాయి, ఎడమ కిడ్నీ కొంచెం వాచి ఉంది. ఒకచోట షాక్‌వేవ్ (ఒంటి బయటినుంచి తరంగాలతో రాయి పగలగొట్టడం) ఒక సిట్టింగ్ ఇచ్చారు, నెల తర్వాత స్కాన్ చేస్తే రాయి దాదాపు అలాగే ఉంది. ఇప్పుడు ఒక డాక్టర్ గారు మూత్రం దారిలోంచి వంగే స్కోప్ పంపి ఆర్‌ఐఆర్‌ఎస్ అంటున్నారు, ఇంకొకరు వీపు వైపునుంచి రంధ్రం పెట్టి పీసీఎన్‌ఎల్ అంటున్నారు, మూడోచోట కిడ్నీలు రెండూ అతుక్కుని ఉన్నాయి కాబట్టి కోసి తీయాల్సిందే అన్నారు. ముగ్గురిలో ఎవరి మాట వినాలి అని కదా.

నేను యూరాలజిస్ట్‌నండి, ఇలా పుట్టుకతో తేడాగా ఉన్న కిడ్నీల్లో రాళ్లు తీయడం నా రోజువారీ పనిలో భాగమే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. మామూలు కిడ్నీ అయితే రాయి సైజు చూసి సగం నిర్ణయం అయిపోతుంది, 20 మి.మీ. దాటితే పీసీఎన్‌ఎల్, లోపు అయితే ఆర్‌ఐఆర్‌ఎస్ లేదా షాక్‌వేవ్, లెక్క దాదాపు అంతే. హార్స్‌షూ కిడ్నీలో సైజు ఒక్కటే చూసి వెళ్తే మోసపోతాం. రాయి దగ్గరికి మనం ఎటునుంచి చేరగలం, పగలగొట్టిన ముక్క బయటికి ఎలా పోతుంది, ఈ రెండూ తేలాకే ఏ ఆపరేషన్ అన్నది మాట్లాడాలి. మీకు ముగ్గురు మూడు రకాలుగా చెప్పడానికి కారణం కూడా ఇదే అయ్యుంటుంది, ఆ దారి చూపించే స్కాన్ ఇంకా ఎవరి చేతిలోనూ ఉన్నట్టు లేదు, మీరు రాసినదాంట్లో అల్ట్రాసౌండ్, ప్లెయిన్ సీటీ తప్ప ఇంకేం కనపడలేదు.

అసలు ఈ కిడ్నీ ఎలా ఉంటుందో చెప్తాను, అది అర్థమైతే మిగతాదంతా తేలిక. తల్లి కడుపులో ఉన్నప్పుడు కిడ్నీలు మొదట బాగా కింద, పొత్తికడుపు దగ్గర తయారవుతాయి, తర్వాత మెల్లగా పైకి ఎక్కుతూ లోపలివైపుకి తిరుగుతాయి. కొందరిలో పైకి ఎక్కేలోపే రెండింటి కింది కొనలు కలిసిపోతాయి, గుర్రపు లాడం ఆకారం వస్తుంది, ఆ కలిసిన భాగాన్ని ఇస్త్మస్ అంటాం. పైకి ఎక్కుతుంటే ఆ ఇస్త్మస్ పేగుకి వెళ్లే ఒక రక్తనాళం కింద తగులుకుని అక్కడే ఆగిపోతుంది, అందుకే ఈ కిడ్నీ మామూలుకంటే కిందగా, వెన్నెముకకి దగ్గరగా ఉంటుంది, తిరగాల్సిన తిరుగుడు కూడా పూర్తికాదు. మామూలుగా లోపలివైపు చూడాల్సిన పెల్విస్ ముందుకి, పొట్టవైపుకి చూస్తుంటుంది. దాన్నుంచి మూత్రసంచికి దిగే గొట్టం, యురేటర్ అంటాం, పెల్విస్ అడుగునుంచి కాకుండా కాస్త పైనుంచి మొదలై, ఇస్త్మస్ మీదుగా వంపు తిరిగి కిందకి దిగుతుంది. దాదాపు 400-500 మందిలో ఒకరికి ఇలా ఉంటుంది, మగవాళ్లలో ఆడవాళ్లకంటే రెట్టింపు. చాలామందికి జీవితమంతా తెలియదు కూడా.

మీ అమ్మగారు భయపడుతున్నారని, ఇంట్లో పిల్లలకి వస్తుందా, తమ్ముడి పెళ్లి సంబంధానికి అడ్డమవుతుందా అని అడుగుతున్నారని రాశారు. హార్స్‌షూ కిడ్నీ దానికదే రోగం కాదండి. ఎక్కువ కేసుల్లో వంశపారంపర్యంగా వచ్చేది కూడా కాదు. రెండు కిడ్నీలూ పనిచేస్తాయి, ఆకారం వేరు, అంతే. ఇబ్బంది పెట్టేవి రాయి, ఇన్‌ఫెక్షన్, మూత్రం దిగేచోట అడ్డు, ఎక్కువగా ఈ మూడే, మూడింటికీ వైద్యం ఉంది. ఈ మాట ఆవిడకి నా తరఫున చెప్పండి.

ఇక షాక్‌వేవ్ ఎందుకు పనిచేయలేదు. యురేటర్ పైనుంచి మొదలవుతుందని చెప్పాను కదా, ఇంటి మీద ట్యాంకుకి అవుట్‌లెట్ అడుగున కాకుండా రెండు జానల పైన పెడితే ఎన్ని నీళ్లు వదిలినా అడుగున మడ్డి అలాగే కూర్చున్నట్టు, రాయి పగిలినా ముక్కలు కింది క్యాలిక్స్‌లోనే (పెల్విస్‌లోకి తెరుచుకునే చిన్న గదుల్ని క్యాలిక్స్‌లు అంటాం) పడి ఉంటాయి. దానికితోడు కిడ్నీ వెన్నెముకకి ఆనుకుని ఉంటుంది కాబట్టి రాయిని సరిగ్గా ఫోకస్‌లో పెట్టడమే కష్టం, కొందరిని బోర్లా పడుకోబెట్టి ఇవ్వాల్సి వస్తుంది. 1980లో మ్యూనిక్‌లో మొదలైనప్పటినుంచి షాక్‌వేవ్ లక్షలమందికి కోత లేకుండా రాయి వదిలించింది, దాన్ని తక్కువచేసి మాట్లాడను. చిన్న రాయి, పెల్విస్‌లో ఉండి, కిందకి దారి బాగుంటే హార్స్‌షూలో కూడా వాడొచ్చు. కానీ 22 మి.మీ. రాయి, అదీ కింది క్యాలిక్స్‌లో, సీటీలో గట్టితనం 1200 హౌన్స్‌ఫీల్డ్ అని మీరే రాశారు, 1000 దాటితేనే షాక్‌వేవ్‌కి సరిగ్గా పగలవు, అలాంటిదానికి ఇంకో రెండు సిట్టింగులు ఇద్దాం అంటే నేనైతే వద్దనే చెప్తాను.

ఇప్పుడు స్కాన్ సంగతి. ప్లెయిన్ సీటీ కేయూబీ రాయి ఎక్కడుందో, ఎంతుందో చెప్తుంది. మీ అన్నయ్యకి కావాల్సింది కాంట్రాస్ట్‌తో చేసే సీటీ యూరోగ్రామ్. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) బాగుంటే ఇది తప్పకుండా చేయించండి. దీంట్లో మూడు తేలతాయి. మొదటిది రక్తనాళాలు: మామూలు కిడ్నీకి సాధారణంగా ఒక పెద్ద ధమని ఉంటుంది, హార్స్‌షూకి నాలుగైదు చోట్లనుంచి కూడా రావచ్చు, ఇస్త్మస్‌కి విడిగా రావచ్చు. రెండోది పెద్దపేగు: ఈ కిడ్నీల్లో పెద్దపేగు కిడ్నీ వెనక్కి వచ్చి పడుకుని ఉండే అవకాశం మామూలుకంటే ఎక్కువ, చూసుకోకుండా వీపునుంచి సూది గుచ్చితే పేగులోంచి వెళ్తుంది. మూడోది, మీ అన్నయ్య విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది, పెల్విస్ యురేటర్ కలిసేచోట, పీయూజే అంటాం, అక్కడ అడ్డు ఉందా లేదా. హార్స్‌షూ కిడ్నీ ఉన్నవాళ్లలో చాలామందికి ఈ అడ్డు ఉంటుంది. అడ్డు ఉండి మూత్రం నిలవ ఉండటంవల్లే రాయి తయారైతే, రాయి ఒక్కటి తీసి అడ్డు వదిలేస్తే మళ్లీ తయారవుతుంది. కిడ్నీ వాచి ఉందన్నారు కదా, అది రాయి అడ్డుపడటంవల్ల వచ్చిన వాపా, పీయూజే దగ్గర పుట్టుకతో ఉన్న ఇరుకువల్ల వచ్చిందా అన్నది సీటీలో అనుమానంగా ఉంటే డీటీపీఏ గానీ ఈసీ గానీ రీనోగ్రామ్ (ఐసోటోప్ మందు ఎక్కించి మూత్రం ఎలా దిగుతోందో చూసే స్కాన్) చేయిస్తారు, దాంతో ఎడమ సగం ఎంత పనిచేస్తోందో కూడా తెలుస్తుంది. ఈ టెస్ట్ అందరికీ అక్కర్లేదు, అనుమానం ఉంటేనే.

పీయూజేలో అడ్డు లేదని తేలితే, నా ఓటు పీసీఎన్‌ఎల్‌కే. ఎందుకో చెప్తాను. ఇది 1976లో స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ మొదలుపెట్టిన పద్ధతి, వీపు వైపునుంచి కిడ్నీలోకి చిన్న దారి చేసి దుర్భిణితో రాయిని చూస్తూ పగలగొట్టి ముక్కలు బయటికి లాగేయడం. ముక్కలు వాటంతట అవే దిగాలి అని ఎదురుచూసే పని లేదు, మనమే తీసేస్తాం, అందుకే అవుట్‌లెట్ పైన ఉన్న కిడ్నీకి ఇది బాగా సరిపోతుంది. "అతుక్కున్న కిడ్నీకి రంధ్రం పెడితే రక్తం ఆగదు" అని ఎవరో భయపెట్టారని రాశారు, నిజానికి హార్స్‌షూలో పెద్ద రక్తనాళాలు ఎక్కువగా ముందువైపునుంచి, లోపలివైపునుంచి వస్తాయి, మన సూది వెనకనుంచి వెళ్తుంది, క్యాలిక్స్‌లు కూడా వెనక్కే తిరిగి ఉంటాయి. ముట్టకూడనిది ఇస్త్మస్ భాగం. రక్తస్రావం ఏ పీసీఎన్‌ఎల్‌లో అయినా రావచ్చు, హార్స్‌షూ అయినంతమాత్రాన ప్రత్యేకంగా ఎక్కువ అని భయపడక్కర్లేదు.

థియేటర్‌లో ఏం జరుగుతుందో చెప్తాను, మీకు డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. మత్తు ఇచ్చాక ముందు మూత్రనాళంలోంచి కిడ్నీదాకా సన్నటి క్యాథెటర్ ఎక్కిస్తాం, అందులోంచి డై ఎక్కిస్తే సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మెషీన్ తెరమీద కిడ్నీ లోపలి గదులు నల్లగా కనపడతాయి. తర్వాత బోర్లా తిప్పుతాం. మామూలు కిడ్నీలో కింది క్యాలిక్స్‌లోకి గుచ్చడం అలవాటు, పైది గుచ్చితే పక్కటెముకల మధ్యనుంచి వెళ్లి ఊపిరితిత్తి పొరకి తగులుతుందేమోనని భయం. హార్స్‌షూలో కిడ్నీ కిందకి దిగి ఉంటుంది కాబట్టి పై క్యాలిక్స్ పక్కటెముక కిందే దొరుకుతుంది, పైగా పైనుంచి వెళ్తే కిడ్నీ పొడవునా చూపు తిన్నగా కిందిదాకా వెళ్తుంది, పెల్విస్, కింది క్యాలిక్స్‌లు, పీయూజే అన్నీ ఒకే దారిలో అందుతాయి. అందుకే ఇందులో పై పోల్ పంక్చర్, అంటే కిడ్నీ పై కొననుంచి గుచ్చడం, మాకు ఇష్టం. సూది లోపలికి వెళ్లి స్టైలెట్ తీయగానే మూత్రం చుక్క చుక్కగా పడాలి, అది పడ్డాకే గైడ్‌వైర్, వైర్ మీదుగా దారి వెడల్పు చేసే డైలేటర్లు, చివరికి షీత్ అనే గొట్టం. ఇక్కడే ఈ కిడ్నీతో అసలు ఇబ్బంది వస్తుంది: చర్మంనుంచి రాయిదాకా దూరం మామూలుకంటే ఎక్కువ, మనిషి కాస్త లావుగా ఉంటే ఇంకా ఎక్కువ. షీత్ మొత్తం చర్మంలోకి దిగిపోయి, నెఫ్రోస్కోప్ (కిడ్నీలోకి పంపే దుర్భిణి) వెనకభాగం వీపుకి ఆనుకుని, రాయి కళ్లముందే కనపడుతూ, ఒక్క సెంటీమీటరు అందకుండా ఆగిపోయే పరిస్థితి వస్తుంది. దీనికి ముందే పొడవు షీత్, పొడవు నెఫ్రోస్కోప్ సిద్ధంగా పెట్టుకోవాలి. అలాగే వెన్నెముకవైపుకి, ఇస్త్మస్‌లోకి తిరిగి ఉన్న లోపలి క్యాలిక్స్‌లలో ముక్కలు దాక్కుంటాయి, గట్టి స్కోప్ అక్కడికి వంగదు, బలంగా వంచితే కిడ్నీ చీరుకుని రక్తం వస్తుంది, అప్పుడు వంగే స్కోప్ లోపలికి పంపి లేజర్‌తోనో సన్నటి తీగల బాస్కెట్‌తోనో ఆ ముక్కలు తీయాలి. కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: "సార్, ఫ్లెక్సిబుల్ స్కోప్, పొడవు షీత్ థియేటర్‌లో రెడీగా ఉంటాయా?" ఈ ప్రశ్నకి ఉన్నాయి అని తడుముకోకుండా చెప్పేచోట చేయించండి, కార్పొరేటా ప్రభుత్వమా అన్నది తర్వాత సంగతి.

మినీ పీసీఎన్‌ఎల్ అని కూడా వింటారు. తేడా దారి వెడల్పులో, మామూలుదాంట్లో 24 నుంచి 30 ఫ్రెంచ్, అంటే 8 నుంచి 10 మి.మీ., మినీలో 20 ఫ్రెంచ్ లోపు, అంటే ఆరేడు మి.మీ. కి మించదు. సన్నది కాబట్టి రక్తం తక్కువ పోతుంది, ఆపరేషన్ టైమ్ కాస్త పెరుగుతుంది. మీ అన్నయ్య రాయికి మినీ కూడా సరిపోతుంది, ఇందులో డాక్టర్ చేతి అలవాటుకి వదిలేయండి, అలవాటు లేనిదానికి పట్టుబట్టడంవల్ల మీకు లాభం లేదు.

ఆర్‌ఐఆర్‌ఎస్ చెప్పినాయన తప్పు చెప్పారని అనను. కోత లేదు, రంధ్రం లేదు, మూత్రం దారిలోంచే సన్నటి వంగే స్కోప్ కిడ్నీదాకా పంపి లేజర్‌తో రాయిని పొడి చేస్తాం. ఇదే రాయి 12 మి.మీ. ఉండి పెల్విస్‌లోనో పై క్యాలిక్స్‌లోనో ఉంటే నేను కూడా ముందు ఇదే అంటాను. రక్తం పలచబడే మందులు ఆపలేని గుండె పేషెంట్లకి అయితే రాయి పెద్దదైనా సరే రెండు విడతల్లో ఇదే చేస్తాం. మీ అన్నయ్య విషయంలో చిక్కు ఏంటంటే, పైనుంచి మొదలైన యురేటర్‌లోంచి లోపలికెళ్లిన స్కోప్ కింది క్యాలిక్స్‌కి చేరాలంటే బాగా మెలికతిరగాలి, లేజర్ ఫైబర్ పెట్టగానే స్కోప్ ఇంకా తక్కువ వంగుతుంది. దీనికో ఉపాయం ఉంది, బాస్కెట్‌తో రాయిని పట్టుకుని పైకి, తిన్నగా ఉన్న గదిలోకి తెచ్చి అక్కడ పగలగొట్టడం, కానీ 22 మి.మీ. రాయి బాస్కెట్‌కి చిక్కదు. ఎలాగోలా పగలగొట్టినా ఆ పొడి అంతా మళ్లీ అదే అవుట్‌లెట్‌లోంచి దిగాలి, షాక్‌వేవ్‌కి వచ్చిన ఇబ్బందే మళ్లీ వస్తుంది. ఇప్పుడు సక్షన్ ఉన్న, కొన వంగే షీత్‌లు వచ్చాయి, పొడిని అప్పటికప్పుడు పీల్చేస్తున్నాయి, వాటితో పరిస్థితి మెరుగవుతోంది, ఇది నిజంగా సంతోషించాల్సిన మార్పు. అయినా టైమ్ గంటన్నర దాటితే లోపల నీటి ప్రెషర్‌కి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి ఎక్కే ప్రమాదం పెరుగుతుంది, అందుకే పెద్ద రాయికి ఒక్కసారిలో అయిపోతుందని మాటివ్వకూడదు. ఆర్‌ఐఆర్‌ఎస్‌కే వెళ్తే రెండో సిట్టింగ్ కూడా ఉండొచ్చని మనసులో, జేబులో సిద్ధపడి వెళ్లండి.

లేజర్ అన్న మాట గురించి ఒక్కటి చెప్పాలి. లేజర్ అంటే కోత ఉండదు, పీసీఎన్‌ఎల్ అంటే పాతకాలం ఆపరేషన్ అని జనంలో ఒక అభిప్రాయం పడిపోయింది, బోర్డుల మీద కూడా అలాగే రాస్తున్నారు. లేజర్ అనేది రాయిని పగలగొట్టే పనిముట్టు మాత్రమే, హోల్మియం అయినా థూలియం అయినా పీసీఎన్‌ఎల్‌లో కూడా వాడతాం. ఏ దారిలో వెళ్తున్నారు అని అడగండి, లేజరా కాదా అని కాదు.

మూడో డాక్టర్ గారు చెప్పిన ఓపెన్ సంగతి. ఈ సైజు రాయికి, హార్స్‌షూ అన్న ఒక్క కారణానికి, పొట్టో నడుమో కోయాల్సిన అవసరం ఈరోజు లేదు. పీయూజేలో అడ్డు ఉందని తేలితే మాత్రం కథ మారుతుంది, అప్పుడు కూడా ఓపెన్ కాదు, ల్యాప్రోస్కోపీ, కొన్నిచోట్ల రోబో. పెల్విస్ ముందుకి తిరిగి ఉండటం పీసీఎన్‌ఎల్‌కి ఇబ్బందేమో గానీ ల్యాప్రోస్కోపీకి అదే వరం, పేగు పక్కకి జరపగానే పెల్విస్ ఎదురుగా కనపడుతుంది. ఇరుకు భాగం కోసేసి, రాళ్లు అదే తెరుపులోంచి తీసేసి, యురేటర్‌ని మంచిచోట వెడల్పుగా కుట్టేస్తారు, పైలోప్లాస్టీ అంటారు. ఒకే మత్తులో రెండు పనులూ అయిపోతాయి. పాతరోజుల్లో ఇస్త్మస్‌ని కూడా కోసి రెండు కిడ్నీలు విడదీసేవాళ్లు, ఇప్పుడు మామూలుగా ఆ పని చేయరు, ఎవరైనా విడదీస్తామంటే ఎందుకో గట్టిగా అడగండి.

మీ ప్రశ్న కింద ఇంకొకరు వాళ్ల చెల్లికి పెల్విక్ కిడ్నీలో 18 మి.మీ. రాయి ఉందని, వీపునుంచి చేయడం కుదరదన్నారని రాశారు, ఆ అమ్మాయికి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కిడ్నీ పైకి ఎక్కకుండా పొత్తికడుపులోనే ఉండిపోవడం పెల్విక్ కిడ్నీ. రెండు మూడు వేలమందిలో ఒకరికి ఉంటుంది, నొప్పి నడుములో రాకుండా పొత్తికడుపులో వస్తుంది కాబట్టి అపెండిక్స్ అనో, గర్భసంచి సమస్య అనో కొన్నాళ్లు తిప్పుతారు. దీనికి వెనకవైపు తుంటి ఎముక, త్రికాస్థి అడ్డం, ముందువైపు పేగులు అడ్డం, అందుకే షాక్‌వేవ్‌కీ సూదికీ రెంటికీ దారి దొరకడం కష్టం. యురేటర్ పొట్టిగా, వంకరటింకరగా ఉంటుంది, అయినా స్కోప్ ఎక్కితే ఆర్‌ఐఆర్‌ఎస్ మొదట ప్రయత్నించదగ్గదే. ఎక్కకపోతే ల్యాప్రోస్కోపీ సాయంతో పీసీఎన్‌ఎల్ చేస్తారు, 1985లో ఎష్గీ బృందం మొదట రాసిన పద్ధతి ఇది: టేబుల్ తలవైపుకి కిందకి వంచితే పేగులు బరువుకి పైకి జారిపోతాయి, మిగిలినవాటిని పరికరంతో పక్కకి తప్పించి, కెమెరాలో కిడ్నీని కళ్లారా చూస్తూ పొట్టమీదనుంచి సూది గుచ్చుతారు, పేగుకి తగల్లేదని తెరమీద కనపడుతూనే ఉంటుంది. కొందరు అనుభవం ఉన్నవాళ్లు అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తోనే పేగుల్ని నొక్కి పక్కకి తప్పించి చేస్తారు. పెల్విస్ బాగా పెద్దదిగా ఉంటే అసలు రాయి పగలగొట్టకుండా ల్యాప్రోస్కోపీలో పెల్విస్ తెరిచి గులకరాయిలా మొత్తంగా తీసేయొచ్చు కూడా. అన్నిటికంటే ముందు, రెండోవైపు కిడ్నీ ఉందా, ఎలా పనిచేస్తోందో చూడండి, ఇలాంటివాళ్లలో కొందరికి ఆ ఒక్క కిడ్నీయే ఉంటుంది, అప్పుడు ఏ పనైనా రెట్టింపు జాగ్రత్తతో చేయాలి.

మళ్లీ మీ అన్నయ్య దగ్గరికి వస్తే, ఏ ఆపరేషన్ అయినా యూరిన్ కల్చర్ (మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) లేకుండా టేబుల్ ఎక్కనివ్వకండి. యూరిన్ రొటీన్‌లో చీము కణాలు లేవు కదా అని వదిలేయకూడదు. మూత్రం నిలవ ఉండే కిడ్నీల్లో రాయి లోపలే బ్యాక్టీరియా దాక్కుని ఉంటుంది, రాయి పగలగానే అది రక్తంలోకి వెళ్తుంది, రాళ్ల ఆపరేషన్లలో ప్రాణం మీదకి తెచ్చేది ఎక్కువగా ఈ సెప్సిస్సే. కల్చర్ పాజిటివ్ వస్తే సరైన యాంటీబయాటిక్ వాడి, ఆ తర్వాతే ఆపరేషన్. ఈలోపు గనక చలిజ్వరం, నడుంనొప్పి, మూత్రం తగ్గడం వచ్చాయంటే ఆపరేషన్ డేట్ దాకా ఆగొద్దు, పారాసిటమాల్ వేసి పడుకోబెట్టొద్దు, అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి వెళ్లండి. అప్పుడు చేయాల్సింది రాయి తీయడం కాదు, స్టెంట్ (యురేటర్ లోపల పెట్టే గొట్టం) గానీ నెఫ్రోస్టమీ (వీపునుంచి కిడ్నీలోకి పెట్టే గొట్టం) గానీ పెట్టి చీముపట్టిన మూత్రాన్ని బయటికి వదలడం, మనిషి కోలుకున్నాక రాయి సంగతి. ఈ స్థితిలో ఎవరైనా రాయి కూడా ఇప్పుడే తీసేద్దాం అంటే ఒప్పుకోకండి.

ఆపరేషన్ తర్వాత డీజే స్టెంట్ పెడితే మూత్రం పోసేటప్పుడు మంట, నడుములో లాగినట్టు ఉండటం, అప్పుడప్పుడు ఎర్రగా రావడం సహజం, చాలామంది తట్టుకుంటారు, మందులు కూడా ఉన్నాయి. భయం ఎక్కడంటే, నొప్పి తగ్గాక స్టెంట్ లోపల ఉందన్న సంగతే మర్చిపోవడం. దుబాయ్, మస్కట్ వెళ్లిపోయి ఏడాది రెండేళ్లకి వస్తారు, అప్పటికి స్టెంట్ చుట్టూ రాయి పేరుకుని, ఒక చిన్న పది నిమిషాల పని కాస్తా రెండు మూడు ఆపరేషన్లు అవుతుంది, కొందరికి కిడ్నీయే పోయింది. డిశ్చార్జ్ కాగితంలో స్టెంట్ తీయాల్సిన తేదీ రాయించుకుని, ఆ తేదీ మీ ఫోన్‌లో, మీ వదిన ఫోన్‌లో కూడా పెట్టండి. ఇంకొకటి, పీసీఎన్‌ఎల్ అయి ఇంటికొచ్చాక రెండు మూడు వారాల్లోపు ఒక్కసారిగా చిక్కటి రక్తం గడ్డలుగా వస్తే చిన్న రక్తనాళం వాచి పగిలిందని అర్థం, ఇది నూటికి ఒకరికంటే తక్కువమందిలోనే వస్తుంది, తొడ దగ్గరనుంచి సన్నటి ట్యూబ్ పంపి ఆ నాళాన్ని మూసేస్తే తగ్గిపోతుంది. ఆ సదుపాయం వాళ్ల దగ్గరే ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు అని ముందే అడగండి.

కొండపిండి ఆకు, పల్లేరు కాయల కషాయం ఇస్తున్నామని రాశారు. నమ్మకాన్ని కాదనను, నీళ్లు ఎక్కువ తాగడంవల్ల కొంత మంచి కూడా జరగొచ్చు, కానీ 1200 హౌన్స్‌ఫీల్డ్ ఉన్న 22 మి.మీ. రాయి కరగదు, నెలలు గడిచేకొద్దీ కిడ్నీ పాడవుతుంది. మందులతో నిజంగా కరిగేది యూరిక్ యాసిడ్ రాయి, అది సీటీలో చాలా తక్కువ గట్టితనంతో కనపడుతుంది, మీది అది కాదు. తీసిన రాయిని పారేయనివ్వకుండా అనాలిసిస్‌కి పంపించమనండి. హార్స్‌షూలో రాయికి కారణం అంతా ఆకారమే అని సరిపెట్టుకుంటారు గానీ మూత్రంలో కాల్షియం ఎక్కువ పోవడం, సిట్రేట్ తక్కువ ఉండటం కూడా వీళ్లలో బాగానే కనపడతాయి, ఆపరేషన్ అయి కుదుటపడ్డాక 24 గంటల యూరిన్ టెస్ట్ చేయిస్తే అది తెలుస్తుంది, పొటాషియం సిట్రేట్ లాంటివి అవసరమా కాదా అప్పుడు నిర్ణయిస్తారు. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీళ్లు, మన ఎండల్లో బయట పని చేసేవాళ్లయితే అంతకంటే ఎక్కువ తాగాలి. ఉప్పు తగ్గించాలి, ఆవకాయ, అప్పడం, చిప్స్ అన్నీ దాంట్లోకే వస్తాయి. పాలు పెరుగు మాత్రం ఆపొద్దు, కాల్షియం మానేస్తే తిండిలోని ఆక్సలేట్ ఎక్కువ ఒంటికి పట్టి రాయి ఇంకా పెరుగుతుంది, పాలు మానేయమని చెప్పేవాళ్లు మనవైపు ఇంకా ఉన్నారు, వినకండి.

ఖర్చు గురించి అడిగారు. ఆరోగ్యశ్రీలో కిడ్నీ రాళ్ల ఆపరేషన్లు ఉన్నాయి, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కూడా, మీ కార్డుకి ఏ పద్ధతి కవర్ అవుతుందో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడిగితే చెప్తారు. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ, తిరుపతిలో స్విమ్స్, విశాఖలో కేజీహెచ్, వీటిలో యూరాలజీ విభాగాలున్నాయి, అలాంటి పెద్ద సెంటర్లకి నలుమూలలనుంచీ తేడా కిడ్నీల కేసులు పంపిస్తుంటారు. ప్రైవేట్‌లో అయితే ప్యాకేజీలో స్టెంట్ తీయడం, రెండో సిట్టింగ్ అవసరమైతే దాని ఖర్చు కలిసి ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగండి, ఈ రెండే తర్వాత గొడవలకి దారితీస్తాయి.

ఇప్పటికి మీరు చేయాల్సింది క్రియాటినిన్, యూరిన్ కల్చర్, సీటీ యూరోగ్రామ్. స్కాన్ ఫిల్ములు సీడీలో తీసుకోండి, రిపోర్ట్ కాగితం ఒక్కటే చాలదు, సూది ఎటునుంచి వెళ్లాలో డాక్టర్ ఆ ఫిల్ముల్లోనే చూసుకుంటారు. రిపోర్ట్ వచ్చాక పేరు, ఆసుపత్రి పేరు కనపడకుండా చేసి ఇక్కడ పెట్టండి, పీయూజే దగ్గర ఏం రాశారో, పెద్దపేగు ఎక్కడుందో, ఎడమ పై క్యాలిక్స్ ఎంత వెడల్పు ఉందో చూసి చెప్తాను. అడ్డు లేకపోతే పై పోల్‌నుంచి పీసీఎన్‌ఎల్, ఫ్లెక్సిబుల్ స్కోప్ పక్కన పెట్టుకుని. అడ్డు ఉంటే ల్యాప్రోస్కోపిక్ పైలోప్లాస్టీతోపాటే రాళ్లు తీయించడం. నా దగ్గరికి వచ్చిన పేషెంట్ అయినా నేను ఇదే చెప్తాను.